ముసురు పట్టగానే మసుకు పళ్ళు

మా ఇంట్లో బెల్లం లేకుండా పొంగలి వండిన సంక్రాంతి ఒకటుంది. అది 1987 జనవరి. జాంబియా ఉత్తరాన కసామా పట్టణానికి కొంచెం దూరంలో, ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఆవరణలో మాకిచ్చిన చిన్న ఇల్లు. ఆ పొంగలికి తీపినిచ్చింది అడవిలో ఏరుకొచ్చిన పళ్ళు. అక్కడి బెంబా భాషలో వాటిని మసుకు అంటారు. తరువాత ఎన్ని సంక్రాంతులు వచ్చినా, నేతిలో తేలే పొంగళ్ళు ఎన్ని తిన్నా, పొంగలి అనగానే నాకు ముందు కళ్ళలో మెదిలేది ఆ గిన్నే.

నాన్న లెక్కల మాస్టారు. సొంత ఊరు ఒంగోలు దగ్గర పల్లె. జాంబియాకు 1964లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద డిగ్రీ చదివినవారు వంద మందికి కాస్త అటూ ఇటూగా ఉండేవారు. బడులు వేగంగా కట్టారు కానీ పాఠాలు చెప్పేవారు లేరు. అందుకే మన దేశం నుంచి లెక్కలు, సైన్సు మాస్టార్లను ఒప్పందం మీద రప్పించుకున్నారు. నాన్న 1983లో అలా వెళ్ళారు, ఆరు నెలలకు మమ్మల్ని తీసుకెళ్ళారు. బయలుదేరే ముందు కదిరిలో అమ్మమ్మకు చెబుతూ, "అది రాగి దేశం అత్తయ్యా, భూమి నిండా రాగే" అన్నారు. ఆయన చెప్పింది గనుల్లోని రాగి గురించి. అమ్మమ్మకు తెలిసిన రాగి వేరు. "అయితే పిల్లలకు సంగటికి లోటుండదు" అని కుదుటపడింది.

అమ్మమ్మ మాటే నిజమైంది. కసామా వైపు బెంబా వాళ్ళ అసలు పంట రాగులు. మొక్కజొన్న పిండితో చేసే ముద్ద, న్షిమా, దేశమంతటా ఉన్నదే కానీ పల్లెల్లో పెద్దవాళ్ళకు రాగిపిండితో చేసిన ముద్ద మీదే మక్కువ. దాన్ని ఉబ్వాలి అంటారు. మరిగే నీళ్ళలో పిండి పోసి, కట్టె తెడ్డుతో రెండు చేతులా గెలికి, ముద్ద చేసి పెట్టేస్తారు. మొదటిసారి చూసిన రోజు అమ్మ ఏమీ మాట్లాడలేదు. పక్కింటి ఆవిడ చేతిలోని తెడ్డు తీసుకుని, తానే నాలుగు తిప్పులు తిప్పి, తడి చేత్తో ముద్ద కట్టి చూపించింది. రాగులు తూర్పు ఆఫ్రికా కొండనేలల్లో పుట్టి, వేల ఏళ్ళ కిందట మన దేశానికి చేరాయని నేను చాలా కాలం తరువాత చదువుకున్నాను. ఆ వంటింట్లో ఆ ఇద్దరికీ అది చదవకుండానే తెలిసిపోయింది. ఆకుకూరలో దంచిన వేరుశనగ పొడి వేసి వండే ఇఫిసాషి కూడా తిన్న రోజున అమ్మ నాన్నతో, "ఇంత దూరం వచ్చి మా పక్క ఊళ్ళో దిగినట్టుందండీ" అంది.

ఆ పక్కింటి ఆవిడను మేము బామాయో అని పిలిచేవాళ్ళం. మాయో అంటే అమ్మ. ముందున్న 'బా' గౌరవం కోసం. బెంబాలో మర్యాదకు కొదవ లేదు. మాట చివర 'ముక్వాయి' అని చేరుస్తారు, అచ్చం మన 'అండీ' లాగా. అమ్మ ఆ భాషలో ముందుగా నేర్చుకున్నది ఆ మాటే. అక్కడ పెళ్ళయిన స్త్రీని పెద్ద బిడ్డ పేరుతో పిలుస్తారు కాబట్టి, బామాయో అమ్మను నా పేరుకు ముందు 'బానా' చేర్చి పిలిచేది. అమ్మ ఆమెను తెలుగులోనే 'అక్కా' అనేది. ఆమె పలికేది.

మేము వెళ్ళింది ఎండాకాలంలో. అక్టోబరంతా అక్కడ ఆకాశం పొగచూరినట్టు ఉంటుంది. చెట్ల కొమ్మలు నరికి, కుప్పవేసి, తొలి వానలకు ముందు కాల్చి, ఆ బూడిదలో రాగులు చల్లే సాగు అది, చితెమెనె అంటారు. నవంబరులో తొలి వాన పడగానే మొత్తం మారిపోతుంది. ఎర్రమట్టి వాసన మన సీమ వాసనే. చెదల పుట్టల మీద గొడుగులు లేస్తాయి, అవి కూడా మామూలు గొడుగులా! ఒక్కొక్కటి మీటరు వెడల్పు దాకా విచ్చుకునే రకం కూడా ఉంది. పుట్టగొడుగు అనే మాటను చిన్నప్పటి నుంచీ వాడుతున్నా, పుట్టకు నిజంగా గొడుగు పట్టడం నేను చూసింది అక్కడే.

మసుకు పళ్ళు రాలడం మొదలయ్యేది కూడా ఆ ముసుర్లలోనే.

బడి వెనక కంచె దాటితే అడవే. మియొంబో అంటారు దాన్ని. టాంజానియా నుంచి జాంబియా, మలావి, జింబాబ్వేల మీదుగా పరుచుకున్న పొడి అడవి. అందులో మసుకు చెట్టును గుర్తుపట్టడం తేలిక. పెద్ద ఎత్తు పెరగదు, మన మామిడిలా గుబురుగా ఉంటుంది. బెరడు నల్లగా పగుళ్ళు బారి ఉంటుంది. ఆకులు అరచేతికంటే పెద్దవి, తోలులా దళసరివి, కొమ్మ కొసల్లో గుత్తులుగా ఉంటాయి. వాన చినుకులు వాటి మీద పడితే టపటపమని డప్పు చప్పుడు. ఆ ఆకుల గుత్తి వెనక, కొమ్మను అంటిపెట్టుకుని కాయలు. మొదట ఆకుపచ్చ, తరువాత పసుపు, పండేనాటికి తుప్పు పట్టిన ఇనుము రంగు.

మొదటి ఏడాది నేనూ తమ్ముడూ ఒక పెద్ద చెట్టును మాదని గుర్తు పెట్టుకుని రోజూ వెళ్ళి చూసేవాళ్ళం. ఎన్నాళ్ళు చూసినా ఒక్క కాయా లేదు. నాన్నతో చెబితే వచ్చి చెట్టు చుట్టూ తిరిగి చూసి, "ఇది పోతుతాడు రా" అన్నారు. మా ఒంగోలు వైపు తాళ్ళలో పోతుతాడు, పెంటితాడు వేరువేరుగా ఉంటాయి. గెల వేసేది పెంటితాడే. మసుకు కూడా అంతే, మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మర్నాడు బామాయో పిల్లలను అడిగితే నవ్వి, కాసే చెట్లన్నీ వరుసగా చూపించారు. ఆ అడవిలో ఏ చెట్టు కాస్తుందో, ఏది ముందు పండుతుందో, ఏ చెట్టు పండు మరీ తీపో ఆ పిల్లలకు వీధిలో ఇళ్ళు తెలిసినట్టు తెలుసు.

పండు ఎలా ఉంటుందో చెప్పాలి. నిమ్మకాయంత ఉంటుంది. పైతొక్క గట్టి పెంకులాంటిది. రెండు బొటనవేళ్ళతో నొక్కితే టక్కున చిట్లుతుంది. లోపల లేత పసుపు గుజ్జు, అందులో మూడో నాలుగో తెల్లటి గింజలు. గుజ్జును కొరకడానికి ఉండదు, గింజతో సహా నోట్లో వేసుకుని చప్పరించాలి. మన అడవుల్లో తునికి పండు తిన్నవారికి ఆ పద్ధతి తెలుస్తుంది. రుచి చెప్పమంటే, బాగా మాగిన సపోటాలో కాస్త తేనె కలిపి, చివర ఒక చిన్న పులుపు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా. చేతులకు జిగురు, నోటి చుట్టూ జిగురు. నోట్లో నాలుగు గింజలనూ నాలుకతో తిప్పి తిప్పి, తీపి పూర్తిగా పోయి గింజ నున్నబడేదాకా ఊసేవాళ్ళం కాదు. పచ్చికాయ మాత్రం నోట్లో పెట్టలేము, నాలుక బిగిసిపోయేంత వగరు.

తెల్లవారుజామున వెళ్ళాలి. పొద్దెక్కితే మేకలు తినేస్తాయి. నేను, తమ్ముడు, బామాయో, ఆమె నలుగురు పిల్లలు, అమ్మ. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చేది. బామాయో చితెంగె గుడ్డలో చిన్నపిల్లను వీపుకు కట్టుకుని, నెత్తిన గంపతో ముందు నడిచేది. మంచు పొగలో చెట్టు కనపడకముందే వాసన తెలిసేది, పులిసిన తేనె వాసన. కింద పండుటాకుల మీద పళ్ళు చెల్లాచెదురుగా పడి ఉండేవి. మేము ఏరుతుండగానే పైనుంచి ఒకటి టప్పున రాలేది. ఆ చప్పుడుకు పిల్లలందరం అటు పరుగు.

బామాయోకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. చెట్టును ఊపకూడదు. రాయి విసరకూడదు. నేల మీద ఉన్నదే పండు, చెట్టు మీద ఉన్నది ఇంకా చెట్టుదే. ఏరేటప్పుడు చచ్చుపండు దొరికినా "ఛీ, ఇదేం పండు" అని తూలనాడకూడదు. అడవి వింటుంది, దారి తప్పిస్తుంది. తమ్ముడు ఒకసారి పురుగు పట్టిన పండును చూసి ముఖం చిట్లించి విసిరేశాడు. బామాయో వాడిని ఏమీ అనలేదు. ఆ పండును తీసుకొచ్చి చెట్టు మొదట్లో పెట్టి, బెంబాలో రెండు మాటలు మెల్లగా అంది. అమ్మ వెంటనే తమ్ముడి చేత చెట్టుకు దణ్ణం పెట్టించింది. ఎవరు ఎవరికి ఏమి నేర్పారో నాకు తెలియదు కానీ, ఆ ఇద్దరు తల్లులకూ ఆ విషయంలో అనువాదం అవసరం రాలేదు.

సరిగా పండనివి దొరికితే కుండలో వేసి మూత పెట్టి రెండు మూడు రోజులు మాగవేసేవారు. పండినవాటిని ఆ రోజే, మహా అయితే మర్నాడే తినేయాలి, లేదంటే పులిసిపోతాయి. పులవడం కూడా కొందరికి కావలసిందే. మసుకుతో సారా కాచేవారు ఆ చుట్టుపక్కలే ఉండేవారు, మలావిలో అయితే దాంతో వైన్ చేసి సీసాల్లో అమ్ముతారు. బామాయో ఇంట్లో మాత్రం గుజ్జును నీళ్ళలో పిసికి, గింజలు తీసేసి, పిల్లలకు తాగడానికి ఇచ్చేవారు. లేకపోతే ఆ నీళ్ళతోనే పిండి జావ కాచేవారు. తీపి జావ. పంచదార అక్కర్లేదు.

అది ఎంత పెద్ద సంగతో 1986లో అర్థమైంది.

ఆ దేశానికి బయటి నుంచి వచ్చే రాబడి దాదాపు అంతా గనుల రాగి మీదే. రాగి ధర పడిపోయిన ఆ ఏళ్ళలో పంచదార, నూనె, సబ్బు, ఒకదాని తరువాత ఒకటి కనుమరుగయ్యాయి. పట్టణంలో లారీ వచ్చిందని తెలిస్తే చాలు, ఏమి వచ్చిందో కూడా అడగకుండా వరుసలో నిలబడేవాళ్ళం. డిసెంబరు మొదట్లో మొక్కజొన్న పిండి మీద రాయితీ ఎత్తేశారు, మేలురకం పిండి ధర రెట్టింపును మించింది. కిట్వే, ఎండోలా పట్టణాల్లో జనం వీధుల్లోకి వచ్చారు, కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. నాన్న రేడియోకు చెవి ఆనించి కూర్చునేవారు. కొద్ది రోజుల్లోనే అధ్యక్షుడు కౌండా పెంచిన ధరను వెనక్కి తీసుకున్నట్టు ప్రకటించారు. మా వైపు గొడవలు లేవు, కానీ ఇళ్ళలో గాదెలు అడుగంటాయి. అక్కడ ఏటా అంతే. పాత పంట అయిపోయి, కొత్త పంట ఇంకా పచ్చగా ఉండే వానాకాలమే ఆకలి కాలం. మసుకు సరిగ్గా ఆ నెలల్లోనే రాలుతుంది. ఆ డిసెంబరులో బామాయో పిల్లలు బడి మానకుండా రావడానికి పొద్దున్నే తిన్న మసుకు జావే కారణమని నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే నేనూ అదే తిని వెళ్ళాను.

సంక్రాంతి దగ్గరపడింది. బియ్యం ఉన్నాయి. లుసాకాలో గుజరాతీ వారి దుకాణం నుంచి నాన్న ఎప్పుడో తెచ్చిన పెసరపప్పు రెండు గుప్పెళ్ళు ఉంది. బెల్లం అక్కడ ఎప్పుడూ లేదు. పంచదార మూడు వారాలుగా లేదు. "ఈసారికి కట్టెపొంగలి చేసుకుందాంలే" అన్నారు నాన్న. అమ్మ ఒప్పుకోలేదు. పండుగనాడు పిల్లల నోరు తీపి కావాల్సిందేనంది.

పండుగకు ముందురోజు అమ్మ చేసిన పని నాకు ఇప్పటికీ గీతగీసినట్టు గుర్తుంది. రెండు గంపల మసుకు. బామాయోనూ అమ్మా పీటల మీద ఎదురెదురుగా కూర్చుని తొక్కలు చిట్లించారు. అమ్మ గుజ్జును పెద్ద గిన్నెలో వేసి, గోరువెచ్చటి నీళ్ళు పోసి, చింతపండు పిసికినట్టు పిసికింది. గింజలు వేళ్ళ మధ్య నుంచి జారిపోయేవి. పాత నూలు చీర ముక్కలో వేసి వడకట్టి, పిప్పిని మళ్ళీ పిసికి, మళ్ళీ వడకట్టింది. ఆ చిక్కటి నీళ్ళను బొగ్గుల కుంపటి మీద పెట్టింది. సన్న సెగన, కలుపుతూ, పైన తేలిన నురగ తీస్తూ, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేవేళ దాకా. లేత పసుపు నీళ్ళు తేనె రంగుకు, తేనె రంగు నుంచి ఇటుక రంగుకు తిరిగాయి. బామాయో మాటిమాటికీ వంగి చూసేది. ఆమె పుట్టి పెరిగిన పండు, కానీ అంతసేపు కాచి దగ్గరపెట్టడం ఆమె చూడలేదు. చివరకు అమ్మ గరిటె కొసన ఒక చుక్క తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కి విడదీసింది. తీగ సాగింది. "పాకం వచ్చింది అక్కా" అంది అమ్మ తెలుగులో. బామాయో తానూ ఒక చుక్క తీసుకుని అలాగే నొక్కి చూసి, "పాకం" అంది.

మర్నాడు పొంగలి బెల్లం పొంగలి రంగే వచ్చింది. తీపి అంత దిట్టం కాదు, వెనక ఆ చిన్న పులుపు ఉండనే ఉంది. నెయ్యి లేదు, జీడిపప్పు లేదు, వేయించిన వేరుశనగపప్పు వేసింది. అమ్మ ముందుగా ఒక ఆకులో కొంచెం పెట్టి సూర్యుడికి చూపించింది. ముసురు వల్ల సూర్యుడు లేడు, తూర్పు దిక్కుకే చూపించింది. తరువాత రెండు ఇళ్ళ పిల్లలం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నాం.

1988లో నాన్న ఒప్పందం ముగిసింది. ఆ జనవరిలో తిన్న పళ్ళ గింజలను అమ్మ ఒక్కటి కూడా పారేయలేదు. గుమ్మడి గింజలకు, బీర గింజలకు చేసినట్టే శుభ్రంగా కడిగి, ఎండలో నాలుగు రోజులు ఎండబెట్టి, గుడ్డలో మూటకట్టింది. కదిరిలో పెరట్లో మూడు వరుసలు నాటింది. రోజూ చెంబుతో నీళ్ళు. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. ఒక్కటి కూడా మొలవలేదు. ఒకరోజు మట్టి తవ్వి చూస్తే గింజలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. అమ్మ వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. బామాయోకు ఆ సంగతి ఉత్తరం రాయించింది. రెండు మూడేళ్ళు ఉత్తరాలు నడిచి, తరువాత ఆగిపోయాయి.

ఎందుకు మొలవలేదో నాకు తెలిసేసరికి ఇరవై ఏళ్ళు పట్టింది. మసుకు గింజ ఎండకూడదు. పండు నుంచి తీసిన కొద్ది రోజుల్లోనే, తడి ఆరకముందే నేలలో పడాలి, ఎండిందంటే చచ్చిపోతుంది. అమ్మ తీసుకున్న జాగ్రత్తే దానికి ప్రాణాంతకం అయింది. ఒకవేళ మొలిచినా బతకడం కష్టమే. ఆ చెట్టు వేళ్ళకు అక్కడి నేలలోని ఒక రకం బూజు తోడుండాలి. అది నీటినీ పోషకాలనూ అందిస్తే, చెట్టు దానికి తన తిండి పెడుతుంది. అందుకే అక్కడి నర్సరీల్లో తల్లిచెట్టు కింది మట్టిని తెచ్చి సంచుల్లో కలుపుతారు. ఇవన్నీ చదువుతుంటే శాస్త్రీయ నామం కూడా కనిపించింది: ఉఅపాకా కిర్కియానా. లివింగ్‌స్టన్ వెంట జాంబేజీ నది యాత్రకు వెళ్ళిన వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ కిర్క్ పేరు మీద పెట్టారు. ఆయనకంటే ఎన్నో తరాల ముందు నుంచి ఆ చెట్టుకు ఒక పేరుంది, నేను ఆ పేరుతోనే పిలుస్తాను.

నైరోబీ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ వ్యవసాయ అటవీ పరిశోధన సంస్థ వారు, ఏ అడవి పండ్ల చెట్లను పొలాల్లోకి తెచ్చుకోవాలని ఉందో ఆ ప్రాంతపు రైతులను అడిగితే, జనం చెప్పిన పేర్లలో మసుకు ముందు వరుసలో నిలిచింది. విత్తనం నుంచి పెరిగితే కాపుకు పదేళ్ళు దాటుతుంది. అంటు కడితే మూడు నాలుగేళ్ళకే కాస్తుందని వారు చేసి చూపించారు. చదివి ఎంత సంతోషించానో! ఎందుకంటే అడవిలోని చెట్లు బొగ్గు కోసం పోతున్నాయి.

అది నేను కళ్ళారా చూశాను. 2018 డిసెంబరులో ఉద్యోగం పని మీద లుసాకా వెళ్ళాను. పని ముగిశాక ఒకరోజు మిగిలింది. కారు మాట్లాడుకుని ఉత్తరానికి వెళ్ళే పెద్ద రోడ్డు పట్టాను. కసామా ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే, అంతదూరం పోవడానికి వీలు లేదు. సెరెంజె వైపు పోతుంటే దారి పొడుగునా బొగ్గు బస్తాలు. బస్తాల మూతులకు గడ్డి కుట్టి, బారులు తీర్చి నిలబెట్టారు. మధ్యలో ఒకచోట చెట్టు కింద నలుగురు స్త్రీలు, ముందు పుట్టగొడుగుల కుప్పలు, పక్కన ప్లాస్టిక్ బేసిన్లలో తుప్పు రంగు పళ్ళు. డ్రైవరును ఆపమన్నాను.

దిగగానే ఆ వాసన. అన్నేళ్ళ తరువాత కూడా కాళ్ళు ముందుకు పడలేదు కాసేపు.

కదిరికి ఫోను చేశాను. అదృష్టం, వీడియో కలిసింది. అమ్మ అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను ఫోను ఆ పెద్దావిడ వైపు తిప్పాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ భాష మాట్లాడని మా అమ్మ, తడుముకోకుండా, "మ్వాపొలేని ముక్వాయి" అని పలకరించింది. ఆ స్త్రీలు నలుగురూ ఒక్కసారి నోళ్ళు తెరిచి, తరువాత చప్పట్లు కొట్టారు. పెద్దావిడ ఫోను తన చేతిలోకి తీసుకుని బెంబాలో ఏవేవో అడిగింది. అమ్మకు సగం అర్థమైంది, సగం కాలేదు. తెలిసినంతవరకు తెలిసిన మాటల్లో చెప్పింది: కసామా, బడి, బామాయో.

తరువాత నన్ను పిలిచి, "చెట్టును ఊపి రాల్చినవా, వాటంతట అవి రాలినవా, అడుగు" అంది.

అడిగాను. డ్రైవరు బెంబాలో మళ్ళీ అడిగాడు. ఆ పెద్దావిడ ఆ మాటకు నవ్వలేదు. ఒక పండు తీసి, చితెంగె కొంగుతో తుడిచి, తొడిమ ఊడిపోయిన చోటు కనిపించేలా ఫోను దగ్గరగా పట్టుకుంది. "వాటంతట అవే, ముక్వాయి" అని చెప్పమంది.

"అయితే తిను" అంది అమ్మ.